మూడు నిమిషాలకు వంద చుట్లు

జహీరాబాద్,
12 జూన్ 1985

చిరంజీవి మల్లికార్జున్‌కు,

నీ క్షేమం మీ అమ్మ చెప్పింది. నా క్షేమం ఈ చేతిరాతే చెబుతుంది. కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ఊరి బయట కొత్త ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న ఇంద్రసేన గారికి పుణె బదిలీ అయింది. వాళ్ల పాప నా చేతుల్లోనే పుట్టింది. వెళ్లేముందు సామాను తగ్గించుకుంటూ తన ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు అమ్ముతానన్నారు. నేను కొన్నాను. ఇప్పుడవి నా ముందుగదిలో ఉన్నాయి. రికార్డును తిప్పే టర్న్‌టేబుల్ మాత్రం ఇవ్వలేదు. "అది మా నాన్నగారిది సిస్టర్, ప్రాణం పోయినా ఇవ్వను" అన్నారు. న్యాయమే.

ఇచ్చేముందు వాళ్లింట్లో నా రికార్డు ఒకటి పెట్టి వినిపించారు. పదిహేనేళ్లుగా నేను వింటున్న హిందుస్తానీ పాట అది. ఆ పాట వెనక తంబూరా మోగుతోందని నాకు ఆ రోజు తెలిసింది. పదిహేనేళ్లూ అది మోగుతూనే ఉంది, నా పాత గ్రామఫోను పెట్టె నాకు వినిపించలేదు. ఆ పెట్టె సూది అరిగిపోయి రికార్డులను దున్నేస్తోందని కూడా ఆయనే చెప్పారు. ఆ సాయంత్రమే దాన్ని అటక మీద పడేశాను.

నువ్వు కోఠీలో ఇలాంటి సామాన్లమ్మే దుకాణంలోనే పనిచేస్తున్నావు. నా ఆంప్లిఫయరుకు, నా స్పీకర్లకు సరిపోయే టర్న్‌టేబుల్ ఏది? ఆంప్లిఫయరు వెనక ఏ రంధ్రం దగ్గర ఏం రాసి ఉందో ఈ కాగితం వెనక దించాను. చూసి చెప్పు.

ఫిబ్రవరిలో నా ఉద్యోగం అయిపోతుంది. ముప్పై రెండేళ్లు ఎవరికి నొప్పులొస్తే వాళ్ల పిలుపు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. ఇక మీద నాకు ఇష్టమైనది వింటాను.

మీ అత్తమ్మ,
మహాదేవమ్మ

*

హైదరాబాద్,
24 జూన్ 1985

అత్తమ్మకు మల్లికార్జున్ నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. కోపం తెచ్చుకోకు. మా దుకాణంలో అందరికీ చదివి వినిపించాను. ఆంప్లిఫయరు వెనక భాగం బొమ్మ భలే వేశావు, ప్రసూతి వార్డు చార్టులా ఉంది.

కానీ అత్తమ్మా, రికార్డుల కాలం పోయింది. ఇప్పుడంతా కాసెట్లే. రేడియో, టేపు రెండూ ఉన్న టూ-ఇన్-వన్ ఒకటి తీసుకో. బటన్ నొక్కితే పాడుతుంది, నొక్కితే ఆగుతుంది. సూదులు, బరువులు, బెల్టులు, ఈ తలనొప్పులన్నీ ఈ వయసులో నీకెందుకు? నీ చేతులు సిరంజీలకు అలవాటుపడ్డవి, ఈ పనికి కాదు. పైగా నాన్న దగ్గరకు, రాయికోడ్ వెళ్లాక అక్కడ కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు. టూ-ఇన్-వన్ అయితే సెల్లుల మీద కూడా నడుస్తుంది.

ఆ ఆంప్లిఫయరును నేను ఇక్కడ ఎవరికైనా అమ్మిపెడతాను.

నీ మేనల్లుడు,
మల్లికార్జున్

*

జహీరాబాద్,
1 జూలై 1985

మల్లికార్జున్‌కు,

నేను అడిగింది టర్న్‌టేబుల్ గురించి. నువ్వు రాసింది నా వయసు గురించి. కడుపునొప్పి అని వచ్చిన మనిషికి తలకు కట్టు కట్టినట్టుంది నీ వైద్యం.

నా దగ్గర ముప్పై ఎనిమిది రికార్డులున్నాయి. జీతం అందిన నెలల్లో బీదర్ వెళ్లి ఒక్కొక్కటీ ఏరి తెచ్చుకున్నవి. అందులో శివశరణుల వచనాల పాటలున్నాయి, షెహనాయి ఉంది, ధార్వాడ వైపు పాడే కన్నడ గాత్రం ఉంది. అవన్నీ పారేసి బటన్ ఎందుకు నొక్కాలో నువ్వు రాయలేదు.

నా చేతుల సంగతి. ఈ చేతులు కాళ్లు ముందుకు తిరిగిన బిడ్డలను బయటికి తీశాయి. అవి ఒక సూదిని గీత మీద దించలేవా?

ఇంకొకటి. "రాయికోడ్ వెళ్లాక" అని రాశావు. నేను రాయికోడ్ వెళ్తున్నానని నీకు ఎవరు చెప్పారు? నాకైతే ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నా ఉత్తరాలు దుకాణంలో చదివి వినిపించకు. ఇదొక్కటి మాత్రం వినిపించవచ్చు.

మహాదేవమ్మ

*

హైదరాబాద్,
20 జూలై 1985

అత్తమ్మకు,

నీ మాటే నెగ్గింది. పొద్దుటి బస్సు కండక్టర్‌తో రికార్డ్ ఛేంజర్ ఒకటి పంపుతున్నాను. కొత్తది, డబ్బా కూడా తెరవలేదు. ఆరు రికార్డులు ఒకదాని మీద ఒకటి పెడితే ఒక్కొక్కటే తనంతట తానే పడుతుంది, పాడుతుంది. ఎవరి ఆంప్లిఫయరుకైనా సరిపోతుంది. వైర్లు వెనక 'ఫోనో' అని ఉన్న రంధ్రాల్లో పెట్టు, అంతే.

రాయికోడ్ మాట ఊరికే రాశాను. రిటైర్ అయినవాళ్లు సొంత మనుషుల దగ్గరకు వెళ్తారు కదా అని.

ఇక సంతోషమే కదా?

మల్లికార్జున్

*

జహీరాబాద్,
4 ఆగస్టు 1985

మల్లికార్జున్‌కు,

సంతోషం కాదు. ఎందుకో వివరంగా రాస్తాను.

ఇంద్రసేన గారు వెళ్లేముందు నాకొక లెక్క చెప్పారు. ఈ రికార్డు నిమిషానికి ముప్పై మూడు చుట్లు, ఇంకా చుట్టులో మూడో వంతు తిరగాలి. అంటే మూడు నిమిషాలకు సరిగ్గా వంద. నీ ఛేంజర్ పళ్లెం అంచున చిన్న ప్లాస్టరు ముక్క అంటించి, నేను నాడి చూసే గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి నూట నలభైసార్లు కొట్టుకుంటుంది. దాన్ని తల్లి పొట్ట మీద చెవి గొట్టం ఆనించి తప్పు లేకుండా లెక్కపెట్టినదాన్ని. ముప్పై మూడు నాకొక లెక్కా?

మూడుసార్లు లెక్కపెట్టాను. నూట నాలుగు. నూట నాలుగు. నూట ఐదు.

అందుకే అరవై ఏళ్ల గాయకుడు కొత్త పెళ్లికొడుకులా తొందరపడి పాడుతున్నాడు. తర్వాత సూది కొనను మా కాంపౌండర్ దగ్గర మందులు తూచే చిన్న త్రాసు మీద ఆనించాను. ఆరు గ్రాములు. ఇంద్రసేన గారి టర్న్‌టేబుల్‌లో అది రెండు గ్రాములే. ఆరు గ్రాములంటే నా పాత పెట్టెకు తమ్ముడే. నువ్వు చెప్పిన రంధ్రంలో వైరు పెడితే పాట గొంతు పగిలినట్టు అరిచింది. "ఎవరి ఆంప్లిఫయరుకైనా సరిపోతుంది" అన్నావు. ఎవరిదో నాకు తెలియదు, నాదానికి మాత్రం సరిపోలేదు. ఒక్క రికార్డు, ఒక్క వైపు విని ఆపేశాను. ఛేంజర్‌ను అదే బస్సులో వెనక్కి పంపుతున్నాను.

ఇప్పుడు రెండో సంగతి. పోయిన ఆదివారం మీ నాన్న వచ్చాడు. ఒక్కడే రాలేదు.

"అక్కా, ఈయన గురులింగప్ప. కోహీర్ల ధాన్యం అడ్తి దుకాణం ఉన్నది. జర ఇల్లు చూస్తడు" అన్నాడు.

"చూసి ఏం జేస్తడు?"

"చూస్తే ఏమైతది? నువ్వు ఫిబ్రవరిల రిటైర్ అయితున్నవు. ఒక్కదానివి ఈడ ఉండి ఏం జేస్తవు? ఫ్యాక్టరీ వచ్చినంక ఈ దిక్కు జాగలకు మంచి గిరాకి ఉన్నది. రాయికోడ్ రా. మా ఇంట్ల ఒక అర్ర నీదే అనుకో. ఇంత బువ్వ తిని, దేవుని పేరు తలుసుకుంట కూసో."

"నాకు ఇల్లే ఉన్నది గదరా, అర్ర ఎందుకు?"

అప్పుడు నా స్పీకర్ల వైపు చెయ్యి చూపించాడు. "గీ డబ్బాలు పెట్టుకొని పాటలు వింటుంటే ఊర్లె ఏమంటున్రో ఎరుకేనా? నర్సమ్మకు ముసలితనంల షోకులు పుట్టినయ్ అంటున్రు."

"అంటున్నోళ్లల్ల సగం మంది నా చేతులల్లనే పుట్టిన్రు. పుట్టంగనే ఏడ్సిన్రు. ఇంక ఏడుస్తనే ఉన్నరు" అన్నాను.

ఈలోగా ఆ గురులింగప్ప వాకిట్లో అడుగులేసి కొలుస్తున్నాడు. నేను మెట్ల మీద నిలబడి చెప్పాను: "ఇరువై నాలుగు అడుగులు. పునాది తీయించింది నేనే, అడిగితే చెప్తుంటి గద. ఇగ బయటికి కూడ గన్నే అడుగులు."

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మీ నాన్న మాత్రం గేటు దగ్గర ఆగి ఒక మాట అన్నాడు: "పోరడు పట్నంల సొంత దుకాణం పెట్టుకుంటే నీకు సంతోషం గాదా?"

మీ నాన్నకు నువ్వు ఒక్కడివే పోరడివి. ఇప్పుడు చెప్పు మల్లికార్జున్. నా ఇంటికీ, నీ దుకాణానికీ ఏమిటి సంబంధం?

మహాదేవమ్మ

*

హైదరాబాద్,
14 ఆగస్టు 1985

అత్తమ్మకు,

ఛేంజర్ అందింది. ప్లాస్టరు మరక పోలేదని మా దుకాణం సేఠ్ నన్ను అందరి ముందు తిట్టాడు.

ఇంటి సంగతి నాకేమీ తెలియదు. అది నీకూ నాన్నకూ మధ్య విషయం. నన్ను ఇందులోకి లాగకు. దుకాణంలో పని ఎక్కువగా ఉంది.

మల్లికార్జున్

*

జహీరాబాద్,
19 ఆగస్టు 1985

మల్లికార్జున్‌కు,

కార్డు మీద రాస్తున్నాను. పోస్ట్‌మ్యాన్ చదివినా, మీ సేఠ్ చదివినా నాకు ఫికర్ లేదు. నీకేమీ తెలియదని రాశావు. అబద్ధం. నిజం రాయగలిగిన రోజున రాయి. అంతవరకు రాయకు.

మహాదేవమ్మ

*

హైదరాబాద్,
22 సెప్టెంబర్ 1985

అత్తమ్మకు,

నెల రోజులు పట్టింది. ఈ కాగితం ఐదోది. ముందు నాలుగు చించేశాను.

నాకు తెలుసు. ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడే నాన్న చెప్పాడు. నువ్వు రిటైర్ కాగానే జహీరాబాద్ ఇల్లు అమ్మించి, దాంతో నాకు ఇక్కడ దుకాణం పెట్టించాలని. "దానికి వెనక ముందు ఎవరున్నరు? ఇయ్యాల కాకుంటే రేపైనా మనదే గద" అన్నాడు. నేను వద్దనలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, దుకాణం బోర్డు మీద ఏ పేరు రాయించాలో కూడా ఆలోచించుకున్నాను.

జూన్‌లో నీ ఉత్తరం వచ్చాక ఆ సంగతి నాన్నకు చెప్పాను. "ఆ మిషిని మంచిగ కుదిరిందంటే అది ఆ ఇల్లు ఇడిసిపెట్టదు. సస్తాది, పనికిరానిది ఒకటి పంపు. రోజూ సతాయిస్తే ఇసుగొచ్చి ఊకుంటది" అన్నాడు. ఆ ఛేంజర్ మా దగ్గర రెండేళ్లుగా ఎవరూ కొనకుండా పడి ఉన్నది. వేగం సరిగా లేదని తెలుసు. నీ ఆంప్లిఫయరుకు పనికిరాదనీ తెలుసు. నీ బొమ్మ చూసిన మొదటి రోజే తెలుసు. ఎంత సరిగ్గా వేశావంటే తెలియకపోవడానికి వీల్లేదు.

నువ్వు లెక్కపెడతావని మాత్రం అనుకోలేదు.

ఏ శిక్ష వేసినా పడతాను.

మల్లికార్జున్

*

జహీరాబాద్,
30 సెప్టెంబర్ 1985

మల్లికార్జున్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. కోపమే వచ్చింది, అది ఆరోగ్యానికి మంచిదే.

నీకు ఎవరూ చెప్పని కథ ఒకటి చెబుతాను. పద్నాలుగేళ్లప్పుడు నన్ను న్యాల్‌కల్ దగ్గర ఒక ఇంటికిచ్చారు. అయిదేళ్లు ఉన్నాను. ఆ ఇంట్లో నేను పడింది ఇప్పుడు రాయను. ఒక పొద్దున కట్టుబట్టలతో రాయికోడ్ వచ్చేశాను. మా నాన్న గడప దగ్గరే ఆపేశాడు. "అత్తగారిల్లు ఇడిసిన ఆడిది నాకు బిడ్డె గాదు" అన్నాడు. మీ నాన్నకు అప్పుడు పదిహేడేళ్లు. తలుపు వెనక నిలబడి చూస్తున్నాడు. నాతో కలిసి పెరిగినవాడు. ఒక్క మాట అంటాడేమోనని నేను చాలాసేపు నిలబడ్డాను. అనలేదు. నేను హైదరాబాద్ వెళ్లి మంత్రసాని పని నేర్చుకున్నాను, ఈ ఇల్లు కట్టుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత అదే తలుపు వెనక ఇప్పుడు నువ్వు నిలబడ్డావు.

"వెనక ముందు ఎవరున్నరు" అన్నాడా మీ నాన్న? నా వెనక నేనున్నాను, ముందు కూడా నేనే ఉన్నాను. ఇల్లు అమ్మను. రాయికోడ్ రాను. నేను పోయాక ఈ ఇల్లు ఎవరిదో నేనే రాసిపెడతాను, అది మీ ఇద్దరిలో ఎవరూ కాకపోవచ్చు.

ఇంకొకటి, ఇది మీ నాన్నకు తెలియదు. నా ఎడమ చెవి పోతోంది. మీ హైదరాబాద్‌లోనే చెవి డాక్టరుకు చూపించుకున్నాను. కుడిది కూడా ఎన్నేళ్లుంటుందో చెప్పలేనన్నాడు. సగం చెవితో వినేదానికి అంత మంచి మిషను ఎందుకని అడగకు. సగం చెవికే మంచిది కావాలి. రెండు చెవులూ ఉన్నవాళ్లు దేనితోనైనా సర్దుకుంటారు.

శిక్ష అన్నావు. నేను జడ్జీని కాను. నాకు నీ క్షమాపణ కూడా అక్కర్లేదు. జూన్‌లో ఒక ప్రశ్న అడిగాను, దానికి ఇప్పటికీ జవాబు రాలేదు. అక్టోబరు పదిహేనున మీ దుకాణానికి వస్తున్నాను. నా రికార్డు, నా గడియారం, నా ప్లాస్టరు తెచ్చుకుంటాను. అత్తగా కాదు, కొనేదానిగా వస్తున్నాను.

మహాదేవమ్మ

*

హైదరాబాద్,
3 నవంబర్ 1985

అత్తమ్మకు,

ఆ రోజు జరిగినదంతా నీకు తెలుసనుకుంటున్నావు. సగమే తెలుసు. మిగతా సగం రాస్తున్నాను.

నువ్వు దుకాణంలోకి వచ్చినప్పుడు నేను వెనక రిపేరు గదిలో ఉన్నాను. "మల్లికార్జున్ ఉన్నడా?" అని నువ్వు అడిగితే, "బయటికి పోయిండు" అని సేఠ్ చెప్పాడు కదా. అలా చెప్పమని నేనే బతిమాలుకున్నాను. నీ ముఖం చూడలేననిపించింది. తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను.

సేఠ్ నీకు ఆ మెరిసే మిషను చూపించాడు. "జపాన్ మాల్ అమ్మా. గిసొంటిది మొత్తం హైదరాబాద్ల రెండోది లేదు." నువ్వు ప్లాస్టరు అంటించి గడియారం చేతిలో పట్టుకున్నావు. కొనడానికి వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు తమ పని మానేసి నిన్నే చూస్తున్నారు. మూడు నిమిషాలు లెక్కపెట్టావు.

"ఎనుబై మూడు" అన్నావు.

సేఠ్ నవ్వాడు. "వోల్టేజీ డౌన్ ఉన్నదమ్మా, గందుకే."

"వోల్టేజీ డౌన్ ఉంటే నీ లైట్లు గుడ్డిగ అవ్వాలె గద. మంచిగనే మండుతున్నయ్."

ఆ మిషను సంగతి నాకు తెలుసు. అది మన కరెంటు కోసం చేసింది కాదు, వేరే దేశం కరెంటు కోసం చేసింది. లోపల మోటారు చక్రం మార్చకపోతే ఇక్కడ ఎన్నటికీ నెమ్మదిగానే తిరుగుతుంది. ఆ చక్రం దొరకదు. నెల కిందటే సేఠ్‌కు చెప్పాను. "ఊకో, కొనేటోనికి ఏం దెలుస్తది" అన్నాడు.

నువ్వు ఇంకా తెలియనట్టే అడుగుతున్నావు: "మరి మా ఊర్లె వోల్టేజీ మంచిగుంటే వంద తిరుగుతదా?" సేఠ్ "ఎందుకు తిరగదమ్మా, గ్యారంటీ" అన్నాడు. నీ చేయి సంచిలోకి వెళ్లింది. కొనేస్తున్నావనుకున్నాను. ఆ తర్వాత నా కాళ్లు ఎలా కదిలాయో తెలియదు.

"అత్తమ్మా, తీసుకోకు. అది మన కరెంటు మిషిని కాదు. ఏ ఊర్లె పెట్టినా వంద తిరగదు" అన్నాను. కాలేజీ పిల్లలు విన్నారు. సేఠ్ ముఖం నల్లబడింది. నువ్వు మాత్రం సంచిలోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నావు. కొనడానికి కాదని అప్పుడు తెలిసింది.

తర్వాతది నీకు తెలుసు. వెనక గదిలోంచి ఆ పాత ఇంగ్లండు టర్న్‌టేబుల్ తెచ్చాను. ఎవరో రిటైరైన ప్రొఫెసర్ అమ్ముకున్నది. పైన మూత లేదు, చెక్క గీరుకుపోయింది. కానీ పళ్లెం బరువైనది, రబ్బరు బెల్టు మీద తిరుగుతుంది, మోటారు వణుకు సూది దాకా రాదు. దాని చెయ్యి వెనక ఉన్న బరువును తిప్పి రెండు గ్రాములకు సరిచేశాను. నీ ఆంప్లిఫయరు అయస్కాంతం సూది కోసం తయారైనది, అందుకే ఛేంజర్ సూది పెడితే అరిచింది. ఇది అయస్కాంతం సూదే. నువ్వు నా ముఖం వైపు కూడా చూడకుండా లెక్కపెట్టావు. వంద. నమ్మలేదు, మళ్లీ లెక్కపెట్టావు. వంద. తర్వాత కుడి చెవి స్పీకరు వైపు తిప్పి కళ్లు మూసుకున్నావు. "తంబూరా ఉన్నది" అన్నావు. నాతో ఆ రోజు అన్న మాటల్లో కోపం లేనిది అదొక్కటే.

నువ్వు డబ్బా కట్టించుకుని గౌలిగూడ బస్టాండుకు రిక్షా ఎక్కాక సేఠ్ పిలిచాడు. "గిరాకి ముంగట దుకాణం ఇజ్జత్ తీసినవ్. రేపటి సంది రాకు" అన్నాడు. సరే అన్నాను. ఆరేళ్ల ఉద్యోగం అరనిమిషంలో పోయింది. ఆశ్చర్యం ఏమిటంటే, భయం వేయలేదు.

తర్వాతి ఆదివారం రాయికోడ్ వెళ్లాను. నాన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

"నాకు దుకాణం వద్దు నాయినా. అత్తమ్మ ఇల్లు అత్తమ్మది. దాని పేరు ఇగ ఎత్తకు."

"నీ కోసమే గదరా ఇదంత!"

"నా కోసమే అయితే నాకు తప్పనిపించినప్పుడు ఆపాలె."

"అది నీకేం మందు పెట్టిందిరా?" అని లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "నా ఇంటికి రాకు. అది, నువ్వు, ఇద్దరు ఒకటే జాతి" అన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నేను చెప్పులేసుకుంటుంటే వెనకే వచ్చి, నాన్నకు వినపడకుండా అడిగింది: "గా మిషిన్ల ఏం ఇనవస్తదిరా?"

పోయి వినమన్నాను.

గౌలిగూడలో ఒక స్నేహితుడి దుకాణం ముందు బల్ల వేసుకున్నాను. రేడియోలు, టేపులు రిపేరు చేస్తున్నాను. సొంత దుకాణమే అనుకో, బోర్డు ఒక్కటే లేదు.

మల్లికార్జున్

*

జహీరాబాద్,
20 నవంబర్ 1985

మల్లీకి,

ఉద్యోగం పోయినందుకు నేను విచారించను. అబద్ధాలు అమ్మే ఉద్యోగం పోతే తలంటు పోసుకోవాలి.

టర్న్‌టేబుల్ కుదిరింది. మొదట బల్ల మీద పెడితే నేను నడిచినప్పుడల్లా సూది ఎగిరింది. గోడలోకి రెండు ఇనుప కమ్ములు దిగగొట్టించి, వాటి మీద షాబాదు బండ వేయించి, దాని మీద పెట్టాను. ఇప్పుడు నేను గంతులేసినా అది కదలదు. వేసి చూశాను.

పక్కింటి బసమ్మ ముందు కిటికీ దగ్గర నిలబడి విన్నది, తర్వాత గుమ్మంలో కూర్చుని విన్నది, ఇప్పుడు లోపలికే వస్తోంది. ఆమెతో ఇంకో ఇద్దరు. ఆడవాళ్లంతా పని మాని పాటలు వింటున్నారని వీధిలో ఒక పెద్దమనిషి నాకు చెప్పడానికి వచ్చాడు. ఆయనకు కూడా పీట వేశాను. కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి పాట అయ్యేదాకా వెళ్లలేదు.

ఆ రోజు నేను నిజంగానే కొంటాననుకున్నావా? రిపేరు గది తలుపు కింద నీ చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి. నువ్వు బయటికి వస్తావో రావో తెలియలేదు. వచ్చావు. మీ నాన్న రాలేకపోయిన చోటికి నువ్వు వచ్చావు.

బల్ల దగ్గర ఎండ పడితే చెప్పు, గొడుగు గుడ్డ పంపుతాను.

అత్తమ్మ

*

హైదరాబాద్,
11 మార్చి 1986

అత్తమ్మకు,

తొందరగా రాస్తున్నాను. అమ్మ మూడు రోజులుగా ఇంట్లో లేదట. మార్కెట్‌కని చెప్పి బస్సెక్కిందట. రాయికోడ్ నుంచి వచ్చిన బస్వరాజ్ ఇప్పుడే చెప్పాడు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో అమ్మ ఒంటరిగా బస్సెక్కలేదు. ఆమెకు టికెట్టు అడగడం కూడా రాదు. నీ దగ్గరకు వచ్చిందా? వెంటనే జవాబు రాయి. లేకపోతే నేనే వస్తున్నాను.

మల్లికార్జున్

*

జహీరాబాద్,
13 మార్చి 1986

మల్లీకి,

రావాలనుకుంటే రా, కానీ ఫికర్ చేసుకుని రాకు. మీ అమ్మ నా దగ్గరే ఉంది. ఇప్పుడు పక్క గదిలో తల దువ్వుకుంటోంది.

శనివారం పొద్దున గేటు చప్పుడైతే చూశాను. సావిత్రమ్మ. చేతిలో చిన్న సంచి, కొంగు నిండా దుమ్ము. "ఏంది సావిత్రీ, అందరు మంచిగున్నరా?" అన్నాను. "అందరు మంచిగనే ఉన్నరు వదినా. నేను ఇనడానికొచ్చిన" అన్నది. మంచినీళ్లు కూడా తాగకుండా రెండు స్పీకర్ల మధ్యనున్న నా కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో నేను ఎవరినీ కూర్చోనివ్వను. ఆమెను లేపలేదు.

ఏం వింటావంటే, "నాకేం దెలుసు, నువ్వే పెట్టు" అన్నది. నేను ధార్వాడ గాత్రం పెట్టాను. ఆమె కన్నడ ఊరి ఆడపిల్ల కదా, రెండో నిమిషానికి పెదవులు కదపడం మొదలుపెట్టింది. మన ఇంట్లోకి కోడలుగా వచ్చాక మీ అమ్మ పాడగా నేను ఎన్నడూ వినలేదు. నువ్వు విన్నావా? పెళ్లికి ముందు పాడేదట. రాయికోడ్ వచ్చిన కొత్తలో బట్టలు ఉతుకుతూ పాడితే మీ నాన్న "బజారుదాని తీరు ఏందది" అన్నాడట. అంతే, అప్పటి నుంచి మానేసిందట. ఇది ఆమె ఏడుస్తూ చెప్పలేదు. పప్పులో రాళ్లు ఏరుతూ చెప్పింది.

నాలుగు రోజుల్లో ముప్పై ఎనిమిది రికార్డుల్లో ఇరవై వినేసింది. సూది దించడం నేర్పించాను. మొదటిసారి గీత తప్పింది. రెండోసారి తప్పలేదు. నా ఉద్యోగం అయిపోయి రెండు వారాలైంది, పొద్దు ఎలా గడుస్తుందో అనుకున్నాను. ఇప్పుడు నా కుర్చీ కోసమే పోట్లాడాల్సి వస్తోంది.

నిన్న మధ్యాహ్నం మీ నాన్న వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. నా గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడట, అక్కడి నుంచే అరిచాడు. వీధిలో సగం తలుపులు తెరుచుకున్నాయి.

"అక్కా! దాన్ని బయటికి తోలు!"

"నేను తోలుకరాలె, నేనెట్ల తోల్తరా? గామెనే అడుగు" అన్నాను. తలుపులు బార్లా తెరిచి పక్కకు జరిగాను. లోపల పాట నడుస్తోంది. మీ అమ్మ కుర్చీలోంచి లేవలేదు. అతనికి ఆమె, ఆమెకు అతను కనపడుతున్నారు.

"ఏమే సావిత్రీ! ఇల్లు వాకిలి ఇడిసిపెట్టి గీడ కూసున్నవా? నాలుగు దినాల సంది పొయ్యి ముట్టియ్యలె. నాకు బువ్వ ఎవరు వండుతరు?"

 పాట ముగింపుకు వచ్చింది. మీ అమ్మ అది అయ్యేదాకా కదలకుండా విన్నది. సూది మధ్యకు వెళ్లి చిటపటమని తిరుగుతుంటే తనే లేచి, నేర్పినట్టే రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెట్టింది. అప్పుడు గుమ్మం దాకా వచ్చింది. నేను భయపడ్డాను మల్లీ. సంచి సర్దుకుంటుందేమోననుకున్నాను.

"గిన్నేండ్లు నేనే వండిన. బియ్యం యాడున్నయో నీకు ఎరుకనే" అన్నది.

"వస్తవా రావా? ఒక్క మాట చెప్పు!"

"గీ రికార్డుకు ఇంకొక దిక్కు ఉన్నదంట. గది ఇన్నంక, వచ్చుడా రాకపోవుడా సోంచాయిస్త" అని లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుంది.

నేను రికార్డు తిప్పి పెట్టాను.

మీ అత్తమ్మ,
మహాదేవమ్మ